పదకొండు చుక్కలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు.

బాబా. కొలిమి ముందు. ఎర్రగా కాలిన ఇనుము వైపు చూస్తున్నాడు... చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

అనా. బాబాని కన్నతల్లి. ఎండలో నులకమంచం మీద కూర్చుని, మొక్కజొన్న రొట్టెని చాయ్‌లో ముంచి చప్పరిస్తోంది.

రేషమ్ వదిన. ఎనిమిదో నెల. నడుం మీద ఒక చెయ్యేసుకుని రెండో చేత్తో మేకకి గడ్డి వేస్తోంది.

లాజ్‌బర్ లాలా. వదిన మొగుడు. శింకైకి అన్న. బొగ్గుల బస్తా అప్పుడే దింపాడు. మొహం నిండా మసి, ఆ మసిలో తెల్లగా నవ్వు.

శింకై. బాబా కూతురు, పదిహేనేళ్ళు. గోనెపట్టా తెర వెనక. ఒళ్ళో తుపాకి. చేతిలో సన్న ఉలి.

దడ్! దడ్! దడ్!

తలుపు!

"ఉస్తాద్ జనస్! తలుపు తియ్!"

ఉలి ఆగిపోతుంది.

"ఎవరది?" బాబా గొంతు.

"మాలిక్ మనుషులం! నీ కొడుకుని బయటికి పంపు!"

ఎవరూ కదలరు. మేక కూడా నమలడం ఆపింది.

కదిలింది లాజ్‌బర్ ఒక్కడే. గోడ మీదికి ఒక్క గెంతు! అక్కణ్ణుంచి మిద్దె మీదికి!

తలుపు గడియ విరుగుతుంది. నాలుగు జతల కాళ్ళు వాకిట్లోకి దూసుకొస్తాయి.

"పైన! పైన ఉన్నాడు!"

ఠాప్!

మిద్దె అంచున మట్టి లేస్తుంది. లాజ్‌బర్ పరుగు. ఒక మిద్దె... ఇంకో మిద్దె... ఇంకొక్కటి దాటితే వాగు! వాగు దాటితే కొండ! కొండెక్కితే ఇక వాణ్ణి పట్టుకునే మగాడు లేడు!

"లాజ్‌బర్!" కింద నుంచి ఒక కుర్ర గొంతు అరుస్తుంది. "నువ్వు పోతే నీ తండ్రికి సంకెళ్ళేస్తాం! చూపు మందగించిన ముసలాణ్ణి సర్కారు జైలుకి నడిపించుకుంటూ పోతాం! నీ ఇష్టం!"

అడుగుల చప్పుడు ఆగిపోతుంది.

ఆగకు లాలా... ఆగకు!

శింకై పెదాలు కదులుతాయి. గొంతు రాదు. పరాయివాళ్ళు గడపలో ఉంటే ఆమెకి ఎప్పుడూ గొంతు రాదు.

లాజ్‌బర్ తిరిగొస్తున్నాడు. చేతులు పైకెత్తి, మిద్దె మీద నుంచి తీరిగ్గా నడుచుకుంటూ.

"ఏంట్రా ఇంతమంది? నా పెళ్ళికి కూడా రాలేదు మీరు!"

తుపాకి మడమతో కడుపులో ఒక్క పోటు. నవ్వు సగంలో తెగిపోతుంది.

"ఏం చేశాడు వాడు?" అనా అరుస్తోంది. "ఒరేయ్ అర్సలా! నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసింది నేనేరా! వాడేం చేశాడో చెప్పి కదులు!"

అర్సలా. తెగ నాయకుడు మాలిక్ సర్బులంద్ కొడుకు.

"సర్కారు రోడ్డు మీద లారీ ఆపాడు. కాపలావాణ్ణి చంపాడు. అక్కడ దొరికిన తుపాకి మీ ఇంటిది. మధ్యాహ్నం నమాజు కాగానే సర్కారు దొరకి అప్పగించేస్తాం."

తెర కింద జానెడు సందు. అందులోంచి శింకైకి కనబడేది కాళ్ళే. మూడేళ్ళుగా ఈ తెర వెనక కూర్చుని ఆమె చూసిన లోకమంతా కాళ్ళే.

అర్సలా కాళ్ళు చూస్తుంది.

ఎడమ చెప్పు. తెగిన పట్టీ. దాన్ని కలిపి కుట్టిన ఎర్ర దారం. ఆడవాళ్ళు దుపట్టాలకి వేసే పట్టుదారం.



ఆ చెప్పు ఆమెకి తెలుసు!

*

లాలాని లాక్కుపోయారు. ఏడుపుల మధ్య శింకై బాబా చెయ్యి పట్టుకుని కొలిమి మూలకి లాగుతుంది.

"బాబా, దొరికిన తుపాకి నంబరేంటి?"

"ఇప్పుడెందుకే అది..."

"చెప్పు!"

"అదే. మూడేళ్ళ కిందట నకలు తియ్యమని మన దగ్గరికి తెచ్చారే, కంటోన్మెంటు నుంచి ఎత్తుకొచ్చిన అసలు తుపాకి... దాని నంబరే. ఆ తుపాకి మన ఇంటికొచ్చిందని ఊరంతటికీ తెలుసు. తిరిగి ఇచ్చేశామంటే ఎవడు నమ్ముతాడు? తెచ్చినవాడు చచ్చి రెండేళ్ళు."

"బాబా... ఆ నంబరు పదహారు తుపాకుల మీద ఉంది."



ఇద్దరికీ తెలుసు ఎందుకో.

స్పీన్‌గుండై ఊళ్ళో ఇంటింటా తుపాకుల కొలిమే. కానీ గుర్తులు చెక్కడంలో ఉస్తాద్ జనస్‌ని మించినవాడు కనుమ మొత్తంలో లేడు. కిరీటం, దాని కింద తెల్లవాళ్ళ అక్షరాలు, దాని కింద అంకెలు... విలాయతి నుంచి ఓడెక్కి వచ్చిందా అన్నట్టుండేది. కొలిమి మంట ఆ కళ్ళని కొంచెం కొంచెం తినేసింది. ఒక శీతాకాలం పొద్దున బాబా ఉలిని ఇనుము మీద కాక తన బొటనవేలి మీద పెట్టాడు.

ఆ రోజు నుంచి చెక్కుతున్నది శింకై.

ఊరికి తెలిసింది బాబాకి చూపు మందగించిందనే, పూర్తిగా పోయిందని కాదు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదు!

ఆమెకి తెల్లవాళ్ళ అక్షరాలు రావు, అంకెలూ రావు. కిరీటం ఎలా బొమ్మో అంకె కూడా అలాగే బొమ్మ. ఉన్నది ఉన్నట్టు దించింది. పదహారు తుపాకులకీ అదే నంబరు! లాలా ఒకసారి కోహాట్ పట్నం పోయొచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒసేయ్ చుక్కా! ఒక్కో తుపాకికి ఒక్కో నంబరుండాలే! నువ్వు పదహారు మంది పిల్లలకి ఒకటే పేరు పెట్టావు!"

చుక్క అని పిలిచేది వాడొక్కడే. శింకై అంటే ఆడవాళ్ళు గడ్డం మీద పొడిపించుకునే పచ్చబొట్టు చుక్క. ఆమె గడ్డం మీదా ఉంది ఒకటి.

"నంబరు ఒకటే బాబా. కానీ నేను..." తల దించుకుంటుంది. "నేను కిరీటం కింద చుక్కలు పెట్టాను. మొదటిదానికి ఒకటి. రెండోదానికి రెండు. సూది మొనంత. ఎవరికీ కనబడవు. నాకు... నా పేరు రాయాలనిపించింది."

బాబా మసిబారిన మొహం ఆమె వైపు తిరుగుతుంది.

"పదకొండోది గుర్తుందా? మొహానికి తలపాగా చుట్టుకుని వచ్చి, గుసగుసగా బేరమాడి పోయాడు. పేరు చెప్పలేదు. వాడి ఎడమ చెప్పుకి ఎర్ర పట్టుదారం కుట్టు. ఇందాక అదే చెప్పు మన వాకిట్లోకొచ్చింది!"

"...అర్సలా?"

"వాళ్ళ దగ్గరున్న తుపాకికి పదకొండు చుక్కలుంటే లాలా బతుకుతాడు బాబా!"

"అది మాలిక్ హుజ్రాలో ఉంది. మగవాళ్ళ చావిడి. నువ్వెలా..."

"రొట్టెలు." అనా గొంతు. ఎప్పుడొచ్చిందో వెనకే నిలబడి ఉంది. "ఇవాళ అక్కడ జిర్గా, తీర్పు చెప్పే పంచాయితీ. పెద్దలంతా వస్తారు. వాళ్ళ పొట్టలకి రొట్టెలు కాల్చేది మన ఆడవాళ్ళే కదా. పోవే పిల్లా! పరిగెత్తు!"

*

వదిన నల్ల చాదర్ కప్పుకుని శింకై వాగులో పరిగెడుతోంది.

నీడలు పొట్టివవుతున్నాయి. సూర్యుడు నడినెత్తికి రావడానికి ఎంతో లేదు!

ఈ ఊళ్ళో శింకై వాళ్ళకి గజం నేల లేదు. వాళ్ళు హంసాయాలు. ఒకరి నీడలో బతికేవాళ్ళు. ఆ నీడ మాలిక్‌ది. అతని గోడకి ఆనుకుని ఇల్లు కట్టుకోనిస్తాడు. ఎవరైనా వాళ్ళ మీద చెయ్యెత్తితే అతను తుపాకెత్తాలి. బదులుగా పిలిస్తే వెళ్ళాలి. కాల్చమంటే రొట్టెలు కాల్చాలి. జిర్గాలో మాత్రం కూర్చోకూడదు.

మాలిక్ ఇంటి వెనక వాకిలి. తందూరు దగ్గర ఆడవాళ్ళు. ఎవరో రొట్టెల గంప నెత్తిన పెడతారు.

"హుజ్రా వెనక గదిలో పెట్టి రా. మగాళ్ళు నమాజు ముందు వజూకి, కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి పోయారు. తొందరగా!"

గది. ఖాళీ.

గోడకి పరుపుల దొంతర. మంచం మీద గుడ్డ కప్పి... అదే!

గంప దించుతుంది. గుడ్డ తీస్తుంది. ట్రిగ్గర్ పక్కన ఇనుప పట్టీ. కిరీటం. వేలికొన దాని కిందికి పోతుంది.

కళ్ళతో పనిలేదు. తను పెట్టిన చుక్కలు తన వేలికి తెలుసు.

ఒకటి... రెండు... మూడు...

బయట అడుగులు!

ఏడు... ఎనిమిది...

దగ్గరికి!

పది...

పదకొండు!

ఒక్క గెంతులో పరుపుల వెనక్కి. తలుపు కిర్రుమంటుంది. పరుపుల కింద సందులోంచి మళ్ళీ అవే... కాళ్ళు. ఎర్ర దారం. పక్కనే పెద్ద చెప్పులు, ఇనుప మేకులవి. మాలిక్!

"తుపాకి పారేసి వస్తావట్రా గాడిదా! లారీ పోతే పోయింది, తుపాకెందుకు పారేశావ్?"

"తూటా ఇరుక్కుంది బాబా... రెండో కాపలావాడు కాలుస్తున్నాడు... చెయ్యి కాలిపోయింది..."

చెంప మీద ఛెళ్ళుమని చప్పుడు.

"ఆ చూపానని ముసలాడి చెత్త తుపాకి కొనుక్కుని నా కాపలాలో ఉన్న రోడ్డు మీదికి పోతావా! సర్కారు మన డెబ్భై మందిని పేషావర్ బజార్లో పట్టి లోపలేసింది, తెలుసా? ఒంటెల్ని కూడా కట్టేసుకున్నారు! చంపినవాణ్ణి అప్పగిస్తేనే వదులుతారట!"

"మరి... లాజ్‌బర్ కాకుండా ఇంకెవరినైనా..."

"ఎవణ్ణి? మన తెగ వాడొకణ్ణి ఇస్తే వాళ్ళ అన్నదమ్ములు నీ మనవడి దాకా పగ మోస్తారు. హంసాయాని ఇస్తే ఎవడడుగుతాడు? కంటతడి పెట్టడానికి ఒక ముసలిది, ఒక చూపానని ముసలాడు."

శింకై పళ్ళ మధ్య చాదర్ అంచు. కొరుకుతోంది. గట్టిగా.

"రొట్టెలు వచ్చాయి," అంటాడు అర్సలా. "తెచ్చినదేది?"

తుపాకి మీద గుడ్డ లేదు! కప్పడం మర్చిపోయింది!

ఎర్ర దారం చెప్పు పరుపుల వైపు తిరుగుతుంది. ఒక అడుగు... ఇంకో అడుగు...

శింకై రెండు చేతులా దొంతరని తోసేస్తుంది! పరుపులన్నీ ఒక్కసారి వాడి మీద!

"ఎవర్తె అది! పట్టుకోండి!"

తలుపు! వాకిలి! తందూరు! వాగు!

వెనక ఎర్ర దారం చెప్పు రాళ్ళని తన్నుకుంటూ వస్తోంది. నల్ల చాదర్ ముళ్ళకి చిక్కి చిరుగుతుంది. వదిలేస్తుంది! గాలిలోకి ఒక తూటా... ఠాప్! ఆమె ఆగదు, వాగు మలుపు దాటేసరికి చెప్పు చప్పుడు వెనకబడిపోతుంది. ఆడపిల్ల వీపు మీద ఎవడూ కాల్చడు. కాలిస్తే ఈ కొండల్లో వాడికి పిల్లనిచ్చే ఇల్లు ఉండదు. అర్సలాకి అది తెలుసు. ఆమెకీ తెలుసు.

అదొక్కటే ఆమె కవచం.

*

"పదకొండు బాబా! పదకొండు!"

గడపలోనే కూలబడుతుంది. మోకాళ్ళు రక్తం. రేషమ్ వదిన నీళ్ళు పట్టుకొస్తే తాగడం మర్చిపోయి మాట్లాడుతోంది. విన్నదంతా చెప్తుంది. ఒక్క ఊపిరిలో.

బాబా కూర్చుని వింటాడు.

"నన్ను మాట్లాడనిస్తారు. హంసాయా సాక్ష్యం చెప్పొచ్చు," అంటాడు చివరికి. "చుక్కల సంగతి చెప్తా. వాళ్ళే చూసుకుంటారు."

"నమ్మకపోతే?" వదిన అడుగుతుంది.

బాబా కర్ర చేతిలోకి తీసుకుంటాడు.

"శింకై, నువ్వు హుజ్రా వెనక గదిలో ఉండు. అనా చాదర్ కప్పుకుని ఆడవాళ్ళతో కలిసి పో. నేను ఆ తలుపు పక్కనే కూర్చుంటా, మన చోటు ఎలాగూ అదే. వాళ్ళు నమ్మకపోతే కర్రతో నేల మీద మూడుసార్లు కొడతా. మూడో దెబ్బకి తలుపు తీసుకుని రా. వచ్చి... చెప్పు. నేనే చెక్కాను అని చెప్పు."

శింకై నీళ్ళ ముంత కింద పెడుతుంది.

"అంతమంది మగాళ్ళ ముందా బాబా?"

"అంతమంది ముందే."

"నాకు గొంతు రాదు."

"వస్తుంది," అంటుంది అనా. "నీ అన్న మెడకి ఉరి కనబడగానే వస్తుంది. ఒరేయ్ జనస్, నువ్వు మాట తప్పవు కదా?"

"నా కొడుకమ్మా వాడు!"

"అవతల కూతురు కూడా ఉంది. అందుకే అడిగా."

*

తలుపు వెనక చీకటి. తలుపు కింద జానెడు సందు.

కాళ్ళు. గుండ్రంగా కూర్చున్న కాళ్ళు. వాటి పక్కన తుపాకుల మడమలు.

శింకైకి ఆ కాళ్ళన్నీ తెలుసు. చిటికెనవేలు లేనివాడు... రెండు చుక్కలు. లావు అరికాళ్ళవాడు... అయిదు. పచ్చతోలు చెప్పులవాడు... ఎనిమిది. మధ్యలో మట్టి కొట్టుకున్న వట్టి కాళ్ళు, వాటికి తాడు.

లాలా!

"మాట్లాడు ఉస్తాద్." జిర్గా పెద్ద దిల్‌బాజ్ కాకా గొంతు. ముసలి గొంతు, మెత్తని గొంతు.

"కాకా, ఇది అసలు తుపాకి కాదు. నకలు. నా ఇంట్లో చేసిందే. కిరీటం కింద చూడండి. పదకొండు చుక్కలుంటాయి. అంటే పదకొండో తుపాకి. కొన్నది అర్సలా."

గొంతులు లేస్తాయి! అర్సలా అరుస్తున్నాడు! ఎవరో వాణ్ణి కూర్చోబెడుతున్నారు!

"చుక్కలున్నాయి," అంటాడు దిల్‌బాజ్ కాకా. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని లెక్కపెట్టాడు కాబోలు. "పదకొండే."



"ఉంటే?" మాలిక్ నవ్వుతున్నాడు. "పొద్దున ఇతని ఇంటి ఆడది ఒకత్తి నా హుజ్రాలో దూరి తుపాకి తడిమి పోయింది. చాదర్ ముళ్ళకి దొరికింది. ఇంటికి పోయి చెప్పింది, ఇతను వచ్చి ఒప్పజెప్తున్నాడు."

"అయితే మిగతావీ చూడండి!" బాబా గొంతు పెరుగుతుంది. "అదే నంబరు వేసినవి పదహారు చేశాను. ఇక్కడే ఉన్నాయి కొన్ని. ఒకరిదానికి రెండు చుక్కలు. ఒకరిదానికి అయిదు. ఒకరిదానికి ఎనిమిది. నంబరు అదే. తీసి చూపించండి! మీ అందరికీ తెలుసు కదా!"

తలుపు సందులోంచి శింకై చూస్తోంది.

చిటికెనవేలు లేని కాలి పక్కన తుపాకి మడమ... మెల్లగా... చాదర్ కిందికి జరుగుతుంది.

పచ్చతోలు చెప్పుల పక్కనా.

లావు అరికాళ్ళ పక్కనా.

ఒక్కొక్కటే. అన్నీ.

వాళ్ళెవరూ ఉస్తాద్ జనస్ దగ్గర కొన్నామని చెప్పుకోలేదు. పెళ్ళిళ్ళలో గాలిలోకి పేల్చేటప్పుడు ఒక్కొక్కడూ ఒక్కో కథ చెప్పాడు. గోరా సిపాయి గుండె మీద కాలేసి లాక్కున్నానని. రాత్రి గుడారంలో దూరి తెచ్చానని. ఇప్పుడు చుక్కలు చూపిస్తే ఆ గోరా సిపాయి గోనెపట్టా తెర వెనకే పుట్టాడని తేలిపోతుంది!

"ఎవరి దగ్గరా లేవట ఉస్తాద్," అంటాడు మాలిక్.

"చెయ్యి ఎత్తండ్రా!" లాజ్‌బర్. "పోయిన నెల స్ప్రింగు విరిగిందని తెచ్చి ఇచ్చావు కదరా అక్రమ్! అప్పుడు లాలా అన్నావే!"

చిటికెనవేలు లేని కాలు ముడుచుకుంటుంది.

"సరే," మాలిక్ అంటాడు. "ఉస్తాద్ మాట అబద్ధమని నేననను. పరీక్ష పెడదాం. ఇదిగో నా తుపాకి. ఇదీ నీ చేతిదే. దీని మీద చుక్కలెన్నో చెప్పు. ఎండలో కూర్చున్నావు, బాగా కనబడుతుంది."

తలుపు వెనక శింకై సందులోంచి ఆ తుపాకి మడమని గుర్తుపడుతుంది.

ఆ తుపాకి ఆమె చెక్కింది కాదు!

ఆమె పుట్టకముందుది. బాబా చేతిది!

లేవు బాబా... చుక్కల్లేవు... లేవని చెప్పు!

బాబా బొటనవేలు ఇనుము మీద తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. నలభై ఏళ్ళ కొలిమి కాల్చిన వేలు. దానికి నిప్పు తగిలినా తెలియదు.

"...ఆరు," అంటాడు బాబా.

ఎవరూ నవ్వరు. అది ఇంకా ఘోరం.

"జనస్..." దిల్‌బాజ్ కాకా గొంతు. "దీని మీద చుక్కల్లేవయ్యా. మాలిక్ పెళ్ళికి నువ్వు నా ముందే కూర్చుని చెక్కావు. నాలుగు రోజులు. నీ చేతి పనిలో ఇంతకన్నా మంచిది లేదన్నావు. నీ తుపాకి నువ్వే గుర్తుపట్టలేదా?"

ఠక్!

కర్ర. నేల మీద.

ఒకటి!

శింకై లేచి నిలబడుతుంది. చెయ్యి తలుపు మీద.

ఠక్!

రెండు!

గొంతు సవరించుకుంటుంది. నేనే చెక్కాను. రెండే ముక్కలు. నేనే... చెక్కాను... నేనే...

"ఆగు ఉస్తాద్." మాలిక్. "కళ్ళు పోయాయన్నమాట. ఎన్నాళ్ళయింది? మూడేళ్ళా? మరి మూడేళ్ళుగా ఈ గుర్తులన్నీ చెక్కిందెవరు? కొడుకైతే బొగ్గులు మోస్తాడు. మరెవరు? ఆ బోసినోటి ముసలిదా?"

నవ్వులు.

"కోడలా? లేకపోతే ఆ మూగదానిలా ఉంటుందే, నీ కూతురు... అదా?"

పెద్ద నవ్వులు. తర్వాత ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. చాదర్ల కింద దాచిన తుపాకులు వాళ్ళకి గుర్తొస్తున్నాయి.

"మా భుజాల మీద మోసేది ఆడపిల్ల చేతి గీతలనా?" ఎవరో అంటారు. మెల్లగా. "అదే నిజమైతే సాయంత్రానికి ఆ ఇల్లు ఈ ఊళ్ళో ఉండదు."

"ఇల్లూ ఉండదు. ఆ పిల్లా ఉండదు," ఇంకో గొంతు.

అయిదు చుక్కలవాడి గొంతు.

"చెప్పు ఉస్తాద్," మాలిక్ అంటాడు. "చెక్కిందెవరు?"

కొట్టు బాబా!

మూడోది కొట్టు!

కర్ర కొస సందులోంచి కనబడుతోంది. నేల మీద నుంచి బెత్తెడు లేచింది. గాలిలో ఆగింది.

"...నేనే," అంటాడు బాబా.

"మరి చుక్కలు?"

"చుక్కల సంగతి... నాకు తెలీదు."

"అయితే ఇది నీ ఇంటికొచ్చిన అసలు తుపాకే."

కర్ర మెల్లగా దిగుతుంది. చప్పుడు లేకుండా. పత్తి మీద దిగినట్టు.

"...అయ్యుండొచ్చు."

"బాబా!" లాజ్‌బర్. ఒక్క మాట. ఆ మాటలో నవ్వు లేదు. ఆమె పుట్టాక మొదటిసారి వాడి గొంతులో నవ్వు లేదు.

కనుమ అవతల రోడ్డు మీద మోటారు హారన్. దొర వచ్చాడు!

వట్టి కాళ్ళు లేస్తున్నాయి. తాడు బిగుస్తోంది.

మూడో దెబ్బ పడలేదు.

పడకపోతే పడకపోనీ!

శింకై తలుపు లాగుతుంది. జానెడు తెరుచుకుంటుంది. ఎండ కళ్ళలో కొడుతుంది. గొంతులో ఏదో పగిలినట్టవుతుంది... వస్తోంది... మాట వస్తోంది...

"నే..."

బాబా ఎదురుగా!

ఎప్పుడు లేచాడో. తడుముకోలేదు. గోడ పట్టుకోలేదు. తన ఒంటితో సందు మొత్తం కప్పేశాడు. అతని చెయ్యి లోపలికి వస్తుంది. నేరుగా ఆమె మొహం మీదికి. కాలిన బొటనవేలు ఆమె గడ్డం మీద పచ్చబొట్టు చుక్కని మొదటిసారికే వెతికి పట్టుకుంటుంది. దాని మీద ఒక్క క్షణం ఆగుతుంది.

"బాబా," గుసగుసగా. "నాకు గొంతొచ్చింది బాబా. నేను చెప్తా. నన్ను రానీ..."

ఆ చెయ్యే ఆమెని వెనక్కి తోస్తుంది.

"ఎవరక్కడ?" మాలిక్ అరుస్తాడు. "తలుపు దగ్గరెవరు?"

"ఎవరూ లేరు మాలిక్ సాహెబ్," అంటాడు బాబా. "గాలి."

తలుపు మూసుకుంటుంది. ఎండ గీత సన్నబడి, సన్నబడి, తెగిపోతుంది. బయట గొళ్ళెం పడిన చప్పుడు.

ఠక్!

మూడు.